మందు చల్లు డ్రోనుకు ప్రాణము బ్యాటరీ

(లోపములను కనుగొను విధము – గ్రామ సోదరీ సోదరులకొక పాఠము)

కుందుర్పి మండలము అనంతపురము జిల్లాకు నైరృతి దిశలో, కర్ణాటక రాష్ట్రపు సరిహద్దున నున్న మెట్ట ప్రాంతము. కొండమీద పాతకోట, కొండచుట్టును ఎర్రనేలలు, ఆ నేలలలో వానను నమ్ముకొని వేసిన వేరుశనగ – ఇదియే ఇచ్చటి దృశ్యము. జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్ది వానయు అదనుకు రాదు, వచ్చినను నిలువదు. ఇట్టి చోట తిక్క ఆకుమచ్చ తెగులు గాని, ఆకుముడత పురుగు గాని పైరుపై పడినప్పుడు నాలుగు దినములలో మందు చల్లుటకును, పది దినములకు చల్లుటకును ఎంతో భేదము కలదు. ఆ భేదము రైతు ఇంటికి వచ్చు కాయల మూటలలో కనబడును.

ఆ పని త్వరగా జరుగుటకు ఇప్పుడు గ్రామములకు డ్రోనులు వచ్చుచున్నవి. 2023 నవంబరు 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 'నమో డ్రోన్ దీదీ' పథకము నామోదించినది. మహిళా స్వయం సహాయక సంఘములు 15,000కు డ్రోనులు సమకూర్చుట దాని యుద్దేశము. యంత్రపు వెలలో నూటికి 80 వంతులు, ఎనిమిది లక్షల రూపాయలకు మించకుండ, ప్రభుత్వ సహాయముగా నిర్ణయించిరి. యంత్రముతో వచ్చు బ్యాటరీ జతగాక మరి నాలుగు జతలు, త్వరగా ఛార్జి చేయు ఛార్జరు, పదునైదు దినముల శిక్షణ అందులో చేర్చిరి. దినమునకు 20 ఎకరములకు మందు చల్లవచ్చునని అంచనా వేసిరి.

అదనముగా నాలుగు జతల బ్యాటరీ లెందులకు? ఈ ప్రశ్నలోనే మన పాఠమంతయు నున్నది. డ్రోనులో చట్రము, మోటార్లు, రెక్కలు ఏండ్ల తరబడి పనిచేయును. బ్యాటరీ యట్లు గాదు. అది వాడినను అరుగును, వాడకున్నను అరుగును, తప్పుగా దాచినచో ఇంకను త్వరగా అరుగును. 'డ్రోను చెడినది' అని మూలబెట్టిన యంత్రములను విప్పి చూచిన, పెక్కు చోట్ల యంత్రము బాగుగనే యుండి బ్యాటరీయే చెడియుండును. కావున బ్యాటరీ రోగములను, వాని లక్షణములను, నివారణలను ఇచ్చట వివరించుచున్నాము.

బ్యాటరీలో నేమున్నది?

రేడియోతో నడపబడు విద్యుత్ విమానము క్రొత్త వింత గాదు. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండు దేశమున కల్నల్ టాప్లిన్ అను నాయన 'రేడియో క్వీన్' అను చిన్న విమానమును వెండి–జింకు బ్యాటరీతో ఎగురవేసెను. కాని ఆ బ్యాటరీలు ప్రియమైనవి. కొద్ది పర్యాయములకే నశించునవి. 1991లో లిథియం–అయాన్ బ్యాటరీలు అంగడికి వచ్చిన తరువాతనే తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుట సాధ్యమైనది. ఆ బ్యాటరీలకు పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మందు చల్లు డ్రోనులలో తరచుగా నుండునది ఈ జాతికి చెందిన లిథియం పాలిమర్ బ్యాటరీయే.

దీని లోపల పలుచని రేకులు పొరలు పొరలుగా మడిచి యుండును. రాగి రేకుపై గ్రాఫైటు పూత, అల్యూమినియము రేకుపై లిథియం లోహ భస్మపు పూత, రెంటి నడుమ సన్నని తెర, అంతటను తడిగా నొక రసాయన ద్రవము. ఛార్జి చేయునప్పుడు లిథియం కణములు గ్రాఫైటులోనికి చేరును. యంత్రము నడుచునప్పుడు తిరిగి స్వస్థానమునకు పోవును. ఇట్టి ఒక విభాగమును 'ఘటము' అందురు. వాడుకలో 'సెల్లు' అందురు. సాధారణముగా ఆరు ఘటములను వరుసగా కలిపి ఒక బ్యాటరీగా చేయుదురు. అట్టి రెండు బ్యాటరీలను జతగా కలిపినచో పండ్రెండు ఘటములగును. ఒకే విద్యుత్తు ఈ పండ్రెండింటి గుండ ప్రవహింపవలెను. కావున పదునొకండు ఘటములు బలముగా నున్నను ఒక్కటి నీరసించినచో జత యంతయు నీరసించినట్లే. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి కుంటిదైనప్పుడు రెండవదాని బలము అక్కరకు వచ్చునా?

చెరువును, తూమును

మన మెట్ట రైతులకు చెరువు సంగతి చెప్పనక్కరలేదు. బ్యాటరీని ఒక చెరువుగా భావించుడు. చెరువులో నిలిచిన నీటి మట్టమే వోల్టేజి. పట్టు నీటి పరిమాణమే బ్యాటరీ సామర్థ్యము. దానిని ఆంపియర్–గంటలలో లెక్కింతురు. నీరు వెలికివచ్చు తూమే బ్యాటరీ యొక్క అంతర్నిరోధము.

చెరువు రెండు విధముల చెడును. మొదటిది పూడిక. కట్టవద్ద చూచిన నీరు నిండుగ నున్నట్లే కనబడును. కాని లోతు తగ్గినందున రెండు తడులకే ఖాళీయగును. రెండవది తూము పూడుట. లోపల నీరున్నను పొలమునకు చాలినంత వేగముగా రాదు. బ్యాటరీ ముసలిదగుటయు ఈ రెండు విధములనే. సామర్థ్యము తగ్గుట పూడిక వంటిది. అంతర్నిరోధము పెరుగుట తూము పూడుట వంటిది. ఈ రెంటిని వేరుగా గుర్తింపగలిగినచో రోగ నిర్ణయములో సగము పని ముగిసినట్లే.

ఒక లెక్క చూతము. బ్యాటరీ సామర్థ్యము 22 ఆంపియర్–గంటలు. డ్రోను నిండు మందుతో గాలిలో నిలిచినప్పుడు 80 ఆంపియర్లు లాగుచున్నదనుకొందము. అయిదింట ఒక వంతును ఎల్లప్పుడును మిగుల్చవలెను గనుక వాడదగినది 17.6 ఆంపియర్–గంటలు. దీనిని 80తో భాగించిన 0.22 గంట, అనగా సుమారు 13 నిమిషములు. బ్యాటరీ ముదిరి సామర్థ్యము 16 ఆంపియర్–గంటలకు తగ్గినచో, అదే లెక్కన సుమారు తొమ్మిదిన్నర నిమిషములే ఎగురును. మందు తొట్టి ఖాళీ కాకమునుపే హెచ్చరిక మ్రోగును. ఇది పూడిక.

ఇక తూము సంగతి. క్రొత్త ఘటమునకు అంతర్నిరోధము ఒకటిన్నర మిల్లీ ఓము అనుకొందము. మిల్లీ ఓమనగా ఓములో వేయవ వంతు. 80 ఆంపియర్లు లాగినప్పుడు ఆ ఘటములో వోల్టేజి 0.12 వోల్టు మాత్రమే పడిపోవును. ముదిరిన ఘటమునకు అయిదు మిల్లీ ఓములైనచో 0.4 వోల్టు పడిపోవును. విశ్రాంతిలో 3.8 వోల్టులు చూపిన ఘటము మోటార్లు తిరిగిన వెంటనే 3.4కు దిగును. నేలమీద 'సగమున్నది' అని చూపిన బ్యాటరీ, ఎగిరిన వెంటనే 'లేదు' అని కేక వేయుటకు కారణమిదియే. బ్యాటరీ అబద్ధమాడుటలేదు, మనము నిలిచిన నీటిని చూచి పారు నీటిని లెక్కించుచున్నాము.

జ్ఞాపకముంచుకొనవలసిన నాలుగంకెలు

ఒక్కొక్క ఘటమునకు సంబంధించిన ఈ అంకెలను ఛార్జరు ఉంచు గోడపై పెద్ద అక్షరములతో వ్రాసికొనుడు.

పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టులు, దీనిని మించరాదు. దాచిపెట్టునప్పుడు 3.8 మొదలు 3.85 వరకు. ఎగురుచుండగా 3.5కు దిగినచో వెంటనే దించవలెను. 3.0 కంటె తగ్గినచో ఆ ఘటమునకు శాశ్వతమైన హాని కలిగినదని భావింపవలెను.

ఆరు ఘటముల బ్యాటరీకి ఈ అంకెలను ఆరుతో హెచ్చించుకొనవలెను. నిండినప్పుడు 25.2, దాచునప్పుడు సుమారు 23 వోల్టులు. కాని మొత్తపు అంకెను మాత్రమే చూచి తృప్తిపడరాదు. అయిదు ఘటములు 3.9 వద్దను, ఒకటి 3.3 వద్దను ఉన్నను మొత్తము 22.8 వోల్టులై, నిక్షేపముగా నున్నట్లే కనబడును. రోగము ఆ ఒక్కదానిలో దాగియుండును. సన్నని తీగల గుత్తి గల చిన్న కనెక్టరు ప్రతి బ్యాటరీకిని ఉండును. ఘటములను విడివిడిగా కొలుచుటకే అది యున్నది.

లోపమును కనుగొను క్రమము

వైద్యుడు నాడి చూడక మందియ్యడు. అట్లే బ్యాటరీ విషయములోను ఒక క్రమము ననుసరింపవలెను. ఒకేసారి రెండు మూడు మార్పులు చేసినచో ఏది కారణమో తెలియదు. ఒక్కొక్కటిగ చూడుడు.

మొదట కంటితో చూడుడు. బ్యాటరీ ఉబ్బినదా, పైపొర చినిగినదా, తీగలు నలిగినవా, తియ్యని ఘాటైన వాసన వచ్చుచున్నదా? వీనిలో ఏది యున్నను తక్కిన పరీక్షలు వలదు. దానిని తిరిగి ఛార్జి చేయరాదు, ఎగురవేయరాదు.

రెండవది, ఛార్జరు బ్యాటరీని అంగీకరించుటలేదా? బ్యాటరీ వేడిగా నున్నదేమో చూడుడు. ఎగిరి వచ్చిన వెంటనే పెట్టిన ఛార్జరు నిరాకరించుట మంచిదే. చల్లారినను నిరాకరించినచో ఇంటి విద్యుత్తు వోల్టేజి తగ్గినదేమో, జనరేటరు చాలుటలేదేమో చూడుడు. రెండవ బ్యాటరీ అదే ఛార్జరుపై సక్రమముగా ఎక్కినచో దోషము మొదటి బ్యాటరీదే. దాని సన్నతీగ తెగియుండవచ్చును, లేదా ఒక ఘటము 3.0 కంటె క్రిందికి దిగియుండవచ్చును. అట్టి ఘటమును వేరొక ఛార్జరుతో బలవంతముగా నింప యత్నించుట అగ్నితో చెలగాటము.

మూడవది, నిండినదని చూపి త్వరగా ఖాళీ యగుచున్నదా? ఛార్జరు తాను ఎంత విద్యుత్తు నింపినదో అంకె చూపును. ఎప్పుడును ఒకే మట్టమునకు దింపి, తిరిగి నింపినప్పుడు ఆ అంకెను వ్రాసికొనుడు. క్రొత్తలో పట్టినదానికంటె నూటికి ఇరువది వంతులు తగ్గినచో ఆ బ్యాటరీని మందుపనికి వాడుట మానవలెను. ఇది పూడిన చెరువు.

నాలుగవది, ఎగిరిన వెంటనే హెచ్చరిక మ్రోగుచున్నదా? ఇది తూము దోషము. కాని తూము బ్యాటరీలోనే ఉండనక్కరలేదు, కనెక్టరులోను ఉండవచ్చును. మందు తుంపరలు, దుమ్ము, నిప్పురవ్వలు తగిలి కనెక్టరు మొనలు నల్లబడును. అచ్చట పది మిల్లీ ఓముల నిరోధము చేరినచో, 80 ఆంపియర్ల వద్ద 64 వాట్ల వేడి పుట్టును. అంత వేడి ఒక చిన్న మొనలో పుట్టినచో ప్లాస్టిక్కు కరగును. డ్రోను దించి, ఆపి, బ్యాటరీ విప్పునప్పుడు ఒక కనెక్టరు మాత్రము రెండవదానికంటె ఎక్కువ వేడిగా నున్నచో రోగమచ్చటనే యున్నది. దానిని ఇంటివద్ద అతుకు వేయక, కంపెనీ మరమ్మతుదారునిచే మార్పింపవలెను. మందు కలుపు చేతులతో బ్యాటరీని ముట్టరాదు. ఒకరు మందు చూచుకొనిన, వేరొకరు బ్యాటరీ చూచుకొనుట ఉత్తమము.

అయిదవది, జతలు కలిసిపోయినవా? క్రొత్త బ్యాటరీతో పాతదానిని జతచేసినచో పాతది ముందుగా ఖాళీయై, క్రొత్తదాని బలముచే ఇంకను లోతునకు లాగబడును. కావున కొన్ననాడే ఒక్కొక్క జతకు పేరు పెట్టి, పెయింటుతో గుర్తు వ్రాసి, ఆ జతను తుదివరకు విడదీయక వాడుడు. దించిన తరువాత రెంటి ఘటములను కొలిచి పోల్చుడు. ఘటముల నడుమ 0.1 వోల్టు కంటె ఎక్కువ భేదము పదేపదే కనబడినచో ఆ జతపై అనుమానముంచుడు.

ఆరవది, తప్పు బ్యాటరీది గాదేమో? రెక్క వంగినను, మోటారులో ఎర్రమన్ను చేరినను, తొట్టిలో మితిమీరి మందు పోసినను విద్యుత్తు ఎక్కువగా లాగబడును. మంచిదని తెలిసిన జతను అదే డ్రోనుకు తగిలించి చూడుడు. అదియు త్వరగా ఖాళీ యైనచో దోషము యంత్రములోనిది. ఈ పరీక్షను తొట్టి ఖాళీగా నుండగా, మనుష్యులును పశువులును లేని బయలున, మోకాలు మించని ఎత్తున, శిక్షణ పొందిన వారే చేయవలెను. ఈ డ్రోనులు 2021 నాటి డ్రోన్ నియమముల క్రింద 'చిన్న' తరగతికి, అనగా రెండు కిలోలు మించి 25 కిలోల వరకు గల తరగతికి, చెందినవైనచో నడపుటకు పైలట్ ధ్రువపత్రము తప్పనిసరి. అంత బరువు మనిషిపై పడినచో నేమగునో వేరుగా చెప్పనేల?

వానకై ఎదురుచూపు

ఇప్పుడు మా ప్రాంతమునకు ముఖ్యమైన విషయమును చెప్పెదము. కోస్తా జిల్లాలలో కాలువ నీరు పారుచుండ డ్రోనుకు పని వరుసగా దొరకును. కుందుర్పిలో అట్లు గాదు. వాన పడును, విత్తుదురు. పిదప ఇరువది దినములు ఆకాశము వంక చూచుచు నుందురు. రేపు వాన పడిన ఎల్లుండి మందు చల్లవలసి వచ్చునని తలచి, సంఘపు అక్కచెల్లెండ్రు పది బ్యాటరీలను నిండుగ ఛార్జి చేసి సిద్ధముగా నుంచుదురు. వాన రాదు. వారము గడచును, నెల గడచును. బ్యాటరీలు 4.2 వోల్టుల వద్దనే రేకుల షెడ్డులో వేడికి మ్రగ్గుచుండును.

ఇది మంచి మనస్సుతో చేయు తప్పు; కాని బ్యాటరీలకు ఇంతకు మించిన హాని వేరొకటి లేదు. నిండు ఘటములో రసాయన ద్రవముపై ఒత్తిడి అధికము. వేడి తోడైనప్పుడు ఆ ద్రవము విరిగి వాయువుగా మారును, బ్యాటరీ ఉబ్బును. గ్రాఫైటుపై నొక పొర మందముగా పేరుకొనును, తూము పూడును. ఒక్కసారియు ఎగురకయే బ్యాటరీ ముసలిదగును. కరవు పైరును మాత్రమే గాదు, అజాగ్రత్తగా నున్నచో బ్యాటరీని గూడ చంపును.

దీనికి విరుగుడు సులభము. రెండు మూడు దినములలో పని లేదని తోచినచో ఛార్జరులోని 'నిల్వ' పద్ధతి నుపయోగించి ఘటమునకు 3.8 వోల్టుల వద్ద నిలుపుడు. వాన పడిననాటి సాయంకాలము నిండుగ ఛార్జి చేసికొనవచ్చును. జతకు సుమారు ఒక గంట పట్టును. నేల ఆరి, పైరు చేతికందు లోపల అయిదు జతలును సిద్ధమగును. అంతకు ముందుగా నింపి యుంచుటవలన పొందు లాభమేమియు లేదు.

దీనికి విపరీతమైన తప్పు మరియొకటి కలదు. పని ముగిసిన నాడు బ్యాటరీని డ్రోనుకే తగిలించి మరచిపోవుట. యంత్రములోని చిన్న చిన్న భాగములు కొంచెము కొంచెముగా విద్యుత్తును త్రాగుచుండును. నెల తరువాత చూచిన ఘటములు 3.0 కంటె క్రిందికి దిగియుండును. అవి మరి లేవవు. కావున దాచునప్పుడు తప్పక విప్పవలెను, నెలకొకసారి కొలువవలెను.

ఎండవేళ బ్యాటరీని ఆటోలో గాని, ట్రాక్టరు తొట్టిలో గాని ఎండకు వదలరాదు. ఎగిరి వచ్చిన బ్యాటరీని చెట్టు నీడన గాలి తగులునట్లుంచి, చేతికి వెచ్చదనము తెలియకుండ చల్లారిన తరువాతనే ఛార్జి చేయవలెను. నీటిలో ముంచి చల్లార్చరాదు. వేకువను, సాయంకాలమును ఎగురవేసినచో గాలియు తక్కువ, వేడియు తక్కువ; మందు ఆకుపై నిలుచును, బ్యాటరీయు మన్నును.

ఉబ్బిన బ్యాటరీయు, అగ్నిభయమును

ఉబ్బిన బ్యాటరీని సూదితో గ్రుచ్చి గాలి తీయవచ్చునని కొందరు తలచుచున్నారు. ఇది ప్రాణాంతకము. లోపలి రేకులు తాకినచో ఒక్క క్షణములో మంట లేచును. ఒక ఘటము అంటుకొనిన ప్రక్కదానిని అంటించును. ఆ పొగ విషము, పీల్చరాదు.

కావున బ్యాటరీలను నిద్రించు గదిలో ఉంచరాదు. వేరుశనగ కట్టె వామి చెంతను, పశువుల కొట్టములోను, పెట్రోలు డబ్బాల ప్రక్కను ఉంచరాదు. ఒక వామి కాలినచో వేసవి యంతయు పశువులకు మేత కరవగును. మట్టిమిద్దె వంటి చల్లని వేరు గది శ్రేష్ఠము. క్రింద బండ, చేరువ ఇసుక బకెట్టు ఉండవలెను. రాత్రి ఛార్జి పెట్టి నిద్రపోరాదు. మేలుకొని యున్నవారు కనిపెట్టియుండవలెను.

మంట లేచినచో మనుష్యులను దూరముగ పంపుడు. విద్యుత్తును ఆపగలిగినచో ఆపుడు. గాలి వీచు వైపున నిలిచి, దూరమునుండి సమృద్ధిగా నీరు పోసి చల్లార్చవలెను. ఇసుక మంట వ్యాపింపకుండ అడ్డుకొనును. 101 సంఖ్యకు ఫోను చేయుడు. ఆరినట్లు కనబడినను మరల అంటుకొనవచ్చును గనుక చాలసేపు కనిపెట్టి యుండవలెను.

చెడిన బ్యాటరీని బావిలోనో, చెరువులోనో, దిబ్బలోనో పారవేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది. అమ్మినవారికే తిరిగి అప్పగించి, రసీదు తీసికొనుడు.

లెక్కపుస్తకము

పొదుపు సంఘములలో ప్రతి రూపాయికి లెక్క వ్రాయుట మన సోదరీమణులకు అలవాటే. ఆ అలవాటునే బ్యాటరీకి గూడ ఉపయోగింపుడు. ఒక్కొక్క జతకు ఒక పుట. అందు తేదీ, ఎగిరిన నిమిషములు, దించినప్పుడు కనిష్ఠ ఘటపు వోల్టేజి, తిరిగి నింపినప్పుడు పట్టిన విద్యుత్తు, కనబడిన లోపము – ఈ అయిదు గళ్ళు చాలును. ఒక్కనాటి అంకె ఏమియు చెప్పదు. నలుబది దినముల అంకెలు వరుసగా చూచిన బ్యాటరీ చెడుట ముందుగానే తెలియును. ఏ జతను మానవలెనో, ఎప్పటికి క్రొత్తదానికై సొమ్ము కూడబెట్టవలెనో ఆ పుటయే చెప్పును. హామీ గడువులో చెడినచో కంపెనీవారికి చూపుటకు అంతకు మించిన సాక్ష్యము లేదు.

ఒక జత ముందుగా నశించినచో దాని వెల సంఘపు పొదుపు నుండియే పోవును. పైరుపై తెగులు పడిన వారములో డ్రోను లేవకున్నచో, నష్టము మాట నమ్మి ఎదురుచూచిన రైతుది. ఆ రెండు నష్టములను ఆపుటకు పెద్ద చదువక్కరలేదు. నాలుగంకెలు, ఒక ఇసుక బకెట్టు, ఒక చల్లని గది, ఒక పుస్తకము చాలును. వాన మన చేతిలో లేదు. వాన వచ్చిననాడు యంత్రము సిద్ధముగా నుండుట మన చేతిలోనే యున్నది.